గ్లాసు నుంచి గ్రాముకు, గ్రాము నుంచి సోలకు: వంటింటి ధాన్యపు కొలతల సమగ్ర మార్గదర్శి

ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అని పెద్దలు నేర్పిన లెక్కను, కొత్తగా త్రాసు కొన్న ఉత్సాహంలో 200 గ్రాముల పప్పుకు 400 గ్రాముల రవ్వగా మార్చుకొని పిండి కలిపిన వారికి మరునాడు ఉదయం ఇడ్లీలు గట్టిగా వస్తాయి. చాలామంది ఆ తప్పును పప్పు మీదో, చలికాలం మీదో వేస్తారు. నిజానికి 200 గ్రాముల మినప్పప్పు ఆక్రమించే చోటుకు రెండింతల చోటులో పట్టే ఇడ్లీ రవ్వ సుమారు 330 గ్రాములే ఉంటుంది. మిగిలిన 70 గ్రాములు అదనంగా పడిన రవ్వ. పెద్దలు చెప్పిన నిష్పత్తి గ్లాసులది, అంటే చోటుది. దానిని బరువుకు అంటగట్టడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

చోటునూ బరువునూ కలిపే సంఖ్య ఒక్కో గింజకు ఒక్కో విధంగా ఉంటుంది. ఆ సంఖ్యను మీ ఇంట్లో ఉన్న గింజకు, మీ గ్లాసుతో, మీరే కనుక్కోవచ్చు. ఒకసారి కనుక్కున్న తరువాత వంటల పుస్తకం గ్రాములు చెప్పినా, అమ్మమ్మ సోలలు చెప్పినా, అమెరికాలోని అక్కయ్య కప్పులు చెప్పినా ఒకే లెక్కతో మార్చుకోవచ్చు. ఆ పని చేసే క్రమాన్ని మెట్లవారీగా వివరిస్తాను.

మొదటి మెట్టు: కొలపాత్రలో ఎంత పడుతుందో తెలుసుకోవడం

రోజూ వాడే ఒక స్టీలు గ్లాసును గాని, కుక్కరుతో వచ్చిన కప్పును గాని ఎంచుకొని, ఇకమీదట కొలతకు దానినే వాడాలని నిశ్చయించుకోండి. అంచు సమంగా ఉండి, సొట్టలు లేని పాత్ర అయితే మంచిది. ఖాళీ పాత్రను త్రాసు మీద పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చి, తరువాత అంచు వరకు నీళ్ళు పోయండి. నీటి పైభాగం అంచును దాటి ఉబ్బకుండా, అంచుతో సమంగా ఉండాలి. అప్పుడు త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ పాత్ర అన్ని మిల్లీలీటర్లు పట్టినట్టు లెక్క, ఎందుకంటే ఒక మిల్లీలీటరు నీరు ఒక గ్రాము తూగుతుంది. మన ఎండాకాలపు వేడిలో నీరు అతి స్వల్పంగా తేలికవుతుంది గాని, ఆ తేడా గ్లాసుకు రెండు గ్రాములను మించదు కనుక వంటకు దానిని పట్టించుకోనక్కరలేదు.

త్రాసు లేనివారు అర లీటరు పాల ప్యాకెట్టును కత్తిరించి, ఆ పాలతో గ్లాసులు నింపి చూసుకోవచ్చు. రెండున్నర గ్లాసులు వస్తే మీ గ్లాసు 200 మిల్లీలీటర్లది. పాలు ఎలాగూ కాచుకుంటారు కాబట్టి వృథా ఏమీ లేదు.

రెండవ మెట్టు: గింజలను పోసి తల కొట్టడం

ధాన్యం కొలవడంలో మన పల్లెల్లో రెండు పద్ధతులు ఉండేవి. పాత్ర మీద గోపురం నిలిచేలా పోసి కొలవడం ఒకటి, అంచు మీదుగా కర్రనో చేతినో జరిపి తల కొట్టి కొలవడం మరొకటి. కళ్ళంలో కొలిచేవారు మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, తరువాత ‘రెండు’, ‘మూడు’ అని లెక్కపెట్టడం పెద్దలకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆ కొలతలో గోపురం ఎవరికి చెందాలన్న దాని మీద తగవులు కూడా వచ్చేవి. అంత తగవుకు తగిన పరిమాణం ఆ గోపురానికి ఉందో లేదో లెక్క వేసి చూద్దాం. 7 సెంటీమీటర్ల వెడల్పు గల గ్లాసు మీద బియ్యం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుందనుకుంటే, ఆ గోపురంలో సుమారు 32 మిల్లీలీటర్ల చోటు ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు అది 16 శాతం. వెడల్పు మూతి గల సోలకు ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆరు గ్లాసులు కొలిస్తే దాదాపు ఒక గ్లాసు తేడా వస్తుందన్న మాట.

కాబట్టి వంటకు ఎప్పుడూ తల కొట్టిన కొలతనే వాడండి. గింజలను పాత్రలోకి కొద్దిపాటి ఎత్తు నుంచి సమంగా పోసి, కుదపకుండా, అదమకుండా, కత్తి వీపునో స్కేలునో అంచు మీదుగా ఒకే ఊపున జరపండి. డబ్బాలో గ్లాసును ముంచి తీయడం కంటే పోయడం మేలు, ఎందుకంటే ముంచినప్పుడు అడుగున గింజలు ఒత్తుకుంటాయి. గ్లాసును గట్టు మీద నాలుగుసార్లు తట్టి చూస్తే గింజలు సర్దుకొని పైన చోటు ఖాళీ అవడం మీకే కనిపిస్తుంది. తట్టకూడదని చెప్పడానికి కారణం అదే. గింజల విషయంలో ఈ తేడా చిన్నది. పిండి విషయంలో మాత్రం అదే గ్లాసులో పట్టే బరువు పావు వంతు వరకు మారవచ్చు.

తల కొట్టిన గ్లాసును తూచి, గింజల బరువును రాసుకోండి. ఇలా మూడుసార్లు పోసి, తూచి, మూడింటి సగటు తీసుకోండి. మూడూ రెండు మూడు గ్రాముల తేడాలో ఉంటే మీ చేయి నిలకడగా ఉన్నట్టే.

మూడవ మెట్టు: లీటరు బరువు కట్టడం

గింజల బరువును అదే గ్లాసులో పట్టిన నీటి బరువుతో భాగించి, 1000తో గుణిస్తే ఒక లీటరు పాత్రలో ఆ గింజలు ఎన్ని గ్రాములు పడతాయో తెలుస్తుంది. దీనిని ఈ వ్యాసంలో లీటరు బరువు అంటాను. ఉదాహరణకు మీ గ్లాసులో నీరు 210 గ్రాములు, బియ్యం 174 గ్రాములు పడితే, 174ను 210తో భాగించగా 0.83 వస్తుంది, అంటే ఆ బియ్యం లీటరు బరువు సుమారు 830. గ్లాసు మారినా, ఇల్లు మారినా, ఆ బియ్యానికి ఈ సంఖ్య మారదు. గ్లాసు బరువును కాకుండా లీటరు బరువును రాసుకోమని చెప్పడం అందుకే.

మీకు వచ్చిన సంఖ్య సరైన దారిలో ఉందో లేదో చూసుకోవడానికి వీలుగా కొన్ని పచ్చి దినుసుల లీటరు బరువులను ఇక్కడ ఇస్తున్నాను. ఇవన్నీ సుమారు విలువలే. రకాన్ని బట్టి, పాత కొత్తలను బట్టి ఇవి కొంత అటూ ఇటూ అవుతాయి.

బాస్మతి వంటి పొడవు బియ్యం: 780 నుంచి 800
సోనా మసూరి వంటి సన్నబియ్యం: 820 నుంచి 850
కొర్రల వంటి చిరుధాన్యాలు: 840
గోధుమలు: 780 నుంచి 810
కందిపప్పు: 840 నుంచి 870
మినప్పప్పు, పెసలు: 870
శనగలు: 800 నుంచి 845
ఇడ్లీ రవ్వ: 720
బొంబాయి రవ్వ: 700
బియ్యప్పిండి: 600 నుంచి 670
మైదా: 530
గోధుమపిండి: 500
జల్లించిన శనగపిండి: 400

పైనుంచి కిందికి చూస్తూ వస్తే అసలు విషయం బయటపడుతుంది. గింజలూ పప్పులూ అన్నీ 780కీ 870కీ మధ్యనే ఉన్నాయి, రవ్వలు 700 దగ్గరకు దిగాయి, పిండ్లు 400 దాకా జారిపోయాయి. గింజను ఎంత మెత్తగా పగలగొడితే అంత గాలి మధ్యలో చేరుతుంది. అందువల్ల గింజకూ గింజకూ మధ్య నిష్పత్తి అయితే బరువు తీసుకున్నా గ్లాసు తీసుకున్నా పెద్ద ప్రమాదం లేదు. దోసెల పిండికి ఒకటికి మూడు గ్లాసుల బియ్యం అన్న లెక్కను బరువుల్లోకి మారిస్తే ఒకటికి 2.85 అవుతుంది, ఆ తేడాను నాలుక పట్టుకోలేదు. గింజకూ రవ్వకూ, గింజకూ పిండికీ, ముఖ్యంగా గింజకూ నీటికీ మధ్య నిష్పత్తి అయినప్పుడే మార్పిడి తప్పనిసరి అవుతుంది.

త్రాసు లేనివారికి ఇక్కడ కూడా ఒక దారి ఉంది. కిలో కందిపప్పు ప్యాకెట్టు కొన్నప్పుడు డబ్బాలో పోసే ముందు గ్లాసుతో తల కొట్టి కొలవండి. ప్యాకెట్టు మీద అచ్చువేసే నికర బరువులో సంచి బరువు కలవదు కనుక లెక్క సూటిగానే ఉంటుంది. అయిదున్నర గ్లాసులు వచ్చాయనుకుంటే ఒక గ్లాసు పప్పు సుమారు 180 గ్రాములు. త్రాసుతో తూచిన దానికంటే ఇది మరీ తీసిపోయే లెక్క కాదు, ఎందుకంటే ఎక్కువ పరిమాణం మీద కొలిచినప్పుడు చేతి పొరపాట్లు ఒకదానినొకటి చాలావరకు సరిచేసుకుంటాయి.

నాలుగవ మెట్టు: ఇరువైపులా మార్చడం

చోటు తెలిసి బరువు కావాలంటే, మిల్లీలీటర్లను లీటరు బరువుతో గుణించి 1000తో భాగించాలి. బరువు తెలిసి చోటు కావాలంటే, గ్రాములను 1000తో గుణించి లీటరు బరువుతో భాగించాలి. వంటలో 300 గ్రాముల సన్నబియ్యం అని ఉండి, మీ దగ్గర 200 మిల్లీలీటర్ల గ్లాసు మాత్రమే ఉందనుకోండి. 300ను 0.83తో భాగిస్తే 361 మిల్లీలీటర్లు వస్తుంది, అంటే ఒక గ్లాసు నిండుగా, మరో గ్లాసులో అయిదింట నాలుగు వంతులు పోయాలి. అదే 300 గ్రాముల శనగపిండి అయితే, 300ను 0.4తో భాగించగా 750 మిల్లీలీటర్లు, అంటే మూడు గ్లాసులకు పైనే ముప్పావు గ్లాసు పడుతుంది.

నిల్వ డబ్బాలు కొనేటప్పుడు కూడా ఈ లెక్క అక్కరకు వస్తుంది. కిలో గోధుమలు 1.25 లీటర్ల డబ్బాలో ఒదుగుతాయి. అవే గోధుమలను మరకు పంపి పిండి పట్టించి తెస్తే రెండు లీటర్ల డబ్బా కావాలి. మరవాడు వేరే పిండి కలిపాడేమోనని అనుమానించే ముందు త్రాసులో వేసి చూడటం న్యాయం.

అయిదవ మెట్టు: ఎసరు లెక్క

నీటి లీటరు బరువు 1000, బియ్యానిది సుమారు 830. ఒకటికి రెండు గ్లాసుల నీళ్ళు అన్న ఎసరును బరువుల్లో చెబితే ఒకటికి 2.4 అవుతుంది. 200 గ్రాముల బియ్యం తూచి, ‘రెండింతలు’ అన్న మాటను గ్రాములకు పట్టించి 400 మిల్లీలీటర్ల నీళ్ళు పోసినవారు నిజానికి ఒక గ్లాసుకు ఒకటిన్నర గ్లాసుల పైచిలుకు మాత్రమే పోసినట్టు. అన్నం పలుకు మీద ఉండిపోతుంది. 200 గ్రాముల బియ్యం 241 మిల్లీలీటర్లు కాబట్టి, గ్లాసుల లెక్కన రెండింతలంటే 480 మిల్లీలీటర్లు పోయాలి.

కొత్త బియ్యానికి నీరు తక్కువ, పాత బియ్యానికి ఎక్కువ పట్టడం అందరికీ తెలిసినదే. ఆ తేడా లీటరు బరువులో కనిపించదు. అది బియ్యం పీల్చుకునే గుణానికి సంబంధించినది. కాబట్టి సంచి మారినప్పుడు ఎసరును విడిగా సరిచూసుకోవాలి. కుక్కరులో ఆవిరి పోవడం తక్కువ గనుక గిన్నెలో వండేటప్పటి కంటే నీరు తగ్గించాలి.

అన్నం వండిన తరువాత బరువు రెండున్నర నుంచి మూడు రెట్లవుతుంది. విందులకు కిలో బియ్యం పదిమందికి సరిపోతుందని వంటవారు వేసే లెక్క ప్రకారం ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుతో అర గ్లాసుకు కొంచెం పైన వస్తుంది. పప్పు, కూరలు, పులిహోర ఉన్న విందుకు ఇది చాలు. రోజూ ఇంట్లో అన్నమే ప్రధానంగా తినేవారికి మాత్రం చాలదు.

ఆరవ మెట్టు: నానినవాటినీ తడిపిండినీ లెక్కలోకి తేకపోవడం

బియ్యం రాత్రంతా నానితే బరువు సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. శనగల వంటివి నానితే రెట్టింపుకు దగ్గరవుతాయి. చోటు కూడా పెరుగుతుంది గాని అదే లెక్కన పెరగదు. అందుచేత నానిన గింజకు లీటరు బరువు కట్టే ప్రయత్నం చేయకుండా, అన్ని కొలతలనూ పొడి గింజ మీదే తీసుకొని, ఆ తరువాతే నానబెట్టాలి.

దీనికి అరిసెల కంటే మంచి ఉదాహరణ లేదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో వరకు బెల్లం అన్నది పొడి బియ్యం లెక్క. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడిపిండి దంచిన తరువాత ఆ పిండిని తూచి, దానికి ముప్పావు వంతు బెల్లం వేస్తే ఏమవుతుందో చూడండి. కిలో బియ్యం తడిపిండిగా సుమారు కిలోంబావు ఉంటుంది, దానికి ముప్పావు వంతు అంటే 940 గ్రాముల బెల్లం. పాకంలో 190 గ్రాములు అదనంగా చేరి, అరిసె నూనెలో విచ్చిపోతుంది. పాకం కుదరలేదని బాధపడిన సందర్భాలలో ఎన్నింటికి ఈ లెక్క కారణమో నాకు అనుమానమే.

తడిపిండి, జల్లించిన పిండి, అటుకులు, మరమరాలు వంటివాటిని గ్లాసుతో కొలవకుండా, వీలైతే నేరుగా తూచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. అటుకుల్లో పలుచనివీ మందమైనవీ ఒకే గ్లాసులో పట్టే బరువు ఎంతో వేరుగా ఉంటుంది కాబట్టి పై పట్టికలో వాటిని చేర్చలేదు.

ఏడవ మెట్టు: పాత కొలతలను ఇప్పటి లెక్కలోకి తేవడం

ఇంట్లో పాత నోటు పుస్తకం ఉన్నవారికి ఇది అన్నింటికంటే కష్టమైన మెట్టు. అందులోని మాట చోటుదా, బరువుదా అన్నది ముందు తేల్చుకోవాలి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, ఇవన్నీ చోటు కొలతలు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అని బళ్ళలో వల్లె వేయించేవారు. ఈ వరుసలో మంచి సౌకర్యం ఒకటుంది. మీ ఇంటి ఇత్తడి సోలను నీటితో కొలిస్తే 220 మిల్లీలీటర్లు వచ్చిందనుకోండి, ఇక గిద్ద 55, తవ్వ 440, మానిక 880 మిల్లీలీటర్లని కూర్చున్న చోటనే చెప్పేయవచ్చు. అయితే సోల పరిమాణం అన్ని ప్రాంతాలలో ఒకటిగా ఉండేది కాదు కనుక, పుస్తకం ఏ ఇంటిదో ఆ ఇంటి సోలనే వెతికి కొలవాలి. పక్క జిల్లా నుంచి వచ్చిన కోడలి సోల వేరే కావచ్చు.

తులం, పలం, వీశ, మణుగు బరువు కొలతలు. తులం 11.66 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, అంటే 35 గ్రాములు. పది పలాలు పదలం, 350 గ్రాములు. నలభై పలాలు ఒక వీశ, 1.4 కిలోలు. నోటు పుస్తకంలో ‘అరవీశ బెల్లం’ అని ఉంటే 700 గ్రాములు తూచి వేయవచ్చు.

చిక్కంతా శేరుతోనే. 80 తులాల శేరు 933 గ్రాములు తూగుతుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో వీశకు అయిదు శేర్ల లెక్కన వాడిన 24 తులాల శేరు 280 గ్రాములే. ఇవి చాలవన్నట్టు శేరును కొలపాత్రగా వాడిన ఊళ్ళూ ఉన్నాయి. ‘శేరు పప్పు’ అన్న రెండు మాటల మీద ఆధారపడితే మూడింతలకు పైగా తేడా వచ్చే అవకాశం ఉంది. ఇలాంటప్పుడు ఆ వంటలోని మిగిలిన దినుసులను చూడాలి. పక్కనే పలాలు, వీశలు కనిపిస్తే 24 తులాల శేరు అయి ఉండవచ్చు. సోలలు, తవ్వలు కనిపిస్తే శేరు కూడా కొలపాత్రే కావచ్చు. అప్పటికీ తేలకపోతే బెల్లం పాళ్ళను బట్టి ఊహించి, చిన్న మోతాదులో ఒకసారి చేసి చూసుకోవడం ఒక్కటే దారి. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో దేశమంతటా మెట్రిక్ పద్ధతి వచ్చినా, వంటింటి నోటు పుస్తకాలు ఆ తరువాత చాలా ఏళ్ళు పాత మాటల్లోనే సాగాయి. కాబట్టి రాసిన సంవత్సరం ఒక్కటే చూసి కిలోలనుకోవద్దు.

ఎనిమిదవ మెట్టు: కప్పుల పేచీ

విదేశాలలో స్థిరపడిన తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. అమెరికా వంటలలో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు మాత్రం 180 మిల్లీలీటర్లే, అందులో పట్టే బియ్యం సుమారు 150 గ్రాములు. కుక్కరు గిన్నె లోపలి గీతలు ఆ చిన్న కప్పు లెక్కకే గీసినవి. ఆ కప్పు పోగొట్టుకొని, 240 కప్పుతో మూడు కప్పుల బియ్యం పోసి, మూడో గీత వరకు నీళ్ళు నింపితే అన్నం బిరుసుగా ఉడుకుతుంది, ఎందుకంటే మూడు పెద్ద కప్పులు నాలుగు చిన్న కప్పులకు సమానం. అప్పుడు నీళ్ళు నాలుగో గీత వరకు ఉండాలి.

తెలుగు వంటల వీడియోలలో కప్పు అన్నప్పుడు చాలాసార్లు అది చేతికి అందిన ఏదో ఒక గిన్నె. అటువంటి వంటలలో దినుసుల మధ్య నిష్పత్తిని మాత్రమే తీసుకొని, అన్నింటినీ మీ గ్లాసుతోనే కొలవండి. కప్పులూ గ్రాములూ కలగలిపి చెప్పిన వంటలోనే ఆ కప్పు పరిమాణం ఎంతో తెలుసుకోవలసిన అవసరం వస్తుంది. అందులో ఏదైనా ఒక దినుసుకు కప్పులూ గ్రాములూ రెండూ ఇచ్చి ఉంటే, దాని లీటరు బరువుతో వెనక్కు లెక్క కట్టి ఆ కప్పును పట్టుకోవచ్చు. ‘రెండు కప్పుల మైదా, 265 గ్రాములు’ అని ఉంటే, 265ను 0.53తో భాగించగా 500 మిల్లీలీటర్లు వస్తుంది, కాబట్టి వారు వాడినది 250 కప్పు.

తొమ్మిదవ మెట్టు: డబ్బా మూత మీద రాసుకోవడం

కనుక్కున్న సంఖ్యలను మరచిపోకుండా, చిన్న కాగితం మీద దినుసు పేరు, లీటరు బరువు, మీ గ్లాసుకు ఎన్ని గ్రాములు అన్నవి రాసి ఆ డబ్బా మూతకు లోపలివైపు అంటించండి. బయట అంటిస్తే నూనె చేతులు తగిలి నెలలోపే చెరిగిపోతుంది. పప్పులకూ గోధుమలకూ ఏడాదికి ఒకసారి సరిచూస్తే సరిపోతుంది. బియ్యానికి మాత్రం రకం మారినప్పుడల్లా మళ్ళీ తూచాలి, ఎందుకంటే పొడవు బియ్యం నుంచి సన్నబియ్యానికి మారినప్పుడు గ్లాసుకు పది గ్రాముల దాకా తేడా రావచ్చు. నూకలు ఎక్కువగా కలిసిన సంచి అయితే అవి గింజల సందుల్లోకి చేరి గ్లాసు బరువును పెంచుతాయి. అన్నం ముద్దయినప్పుడు ఎసరును తప్పుపట్టే ముందు ఒక గ్లాసు బియ్యం తూచి, మూత మీది సంఖ్యతో పోల్చి చూడండి.